రేడియో గొంతు పెంచిన వీధి



రేడియోలో మాట్లాడాలి అనగానే నాకు మా చిన్ననాటి వీధి గుర్తొచ్చింది. వరసగా పెంకుటిళ్ళు, ఒక్కో ఇంట్లో రెండేసి వాటాలు, వాటాకీ వాటాకీ మధ్య ఒక్కటే గోడ. మా వాటాలో గూట్లో రేడియో ఉండేది, దాని మీద అమ్మ కుట్టిన పూలగుడ్డ. కొన్ని సాయంత్రాలు అమ్మ పొయ్యి ముందు నుంచి లేచొచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, రేడియో గొంతు పెంచి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయేది. అందులో వచ్చేది వార్తలా, పాటలా, వ్యవసాయ కార్యక్రమమా అని చూసేది కాదు. "ఎందుకమ్మా అంత గట్టిగా?" అంటే "నీ లెక్కలు నువ్వు చేసుకో" అనేది.

గోడకవతల ఏం జరుగుతోందో మాకు తెలుసు. తెలిసినట్టు ఉండకూడదని కూడా తెలుసు. మర్నాడు పొద్దున కుళాయి దగ్గరికి పక్కవాటా అత్తయ్యగారు పొడుగు చేతుల జాకెట్టుతో వచ్చేవారు. రోహిణి కార్తె ఎండల్లో మణికట్టు దాకా జాకెట్టు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. బిందె నిండేదాకా ఎండల గురించి, చింతపండు ధర గురించి మాట్లాడుకుని ఎవరి బిందె వాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు దానికి చట్టంలో గృహహింస అని పేరుంది. వీధిలో మాత్రం ఈనాటికీ సరైన పేరు లేదు. మనం వాడే మాటలే చూడండి. "చెయ్యి చేసుకున్నాడు" అంటాం. ఎంత మెత్తటి మాట! ఎన్నిసార్లు, దేనితో, ఎక్కడ అన్నవేవీ అందులో లేవు. "కోపమే గానీ మనసు వెన్న" అంటాం. "సంసారం అన్నాక గిన్నె గిన్నె తగలకుండా ఉంటాయా" అంటాం. లాయరుగా ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళ నోట మొదట విన్నవి ఈ మాటలే. "ఏం జరిగిందమ్మా?" అని అడిగితే "ఏం లేదండీ, కాస్త చెయ్యి చేసుకున్నారు" అంటారు. ఆ "చేసుకున్నారు"లో బహువచనం తప్పదు. చూస్తే చెవిలో కర్ణభేరి పగిలి ఉంటుంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఒక సామెత ఉంది. చిన్నప్పుడు అది విని నేనూ నవ్వాను. ఇప్పుడు దాన్ని వాంగ్మూలం చదివినట్టు చదువుతాను. దెబ్బ కంటే దెబ్బ సంగతి బయటపడటమే పెద్ద బాధగా ఉన్నచోట ఆ సామెత చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి ఉంది: ఇల్లు గుట్టు, రోగం రట్టు. రోగం సంగతి నలుగురికీ చెబితే ఎవరో ఒకరు మందు చెబుతారు, ఇంటి సంగతి మాత్రం కడుపులో పెట్టుకోవాలి అని. మంచిదే. మరి ఇంట్లోదే రోగమైతే ఏం చెయ్యాలి? అక్కడ సామెత చేతులెత్తేసింది.

2019 నుంచి 2021 దాకా జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగారు. పద్దెనిమిది నుంచి నలభైతొమ్మిదేళ్ళ లోపు పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవారు దేశం మొత్తం మీద నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30. తెలంగాణలో 37కు దగ్గర. ఇవి నోరు విప్పి చెప్పినవారి లెక్కలు మాత్రమే.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే సర్వేలోని వేరే అంకె. ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చెయ్యకపోతే, అత్తమామల్ని లెక్కచెయ్యకపోతే, పడగ్గదిలో కాదంటే, అనుమానం వస్తే. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది స్త్రీలు ఏదో ఒకదానికి అవునన్నారు. ఈ ప్రశ్న అడిగిన రాష్ట్రాల్లో మనవే పై అంకెలు. పప్పులో ఉప్పు ఎక్కువైనా ఆ జాబితాలోకే వస్తుంది మరి.

"చూశారా, ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు" అని దీన్ని పట్టుకుని వాదించేవాళ్ళని కోర్టు వరండాలోనే చూశాను. నేను దాన్ని అలా చదవలేను. పుట్టినప్పటి నుంచి గోడ ఇవతల రేడియో గొంతు పెరగడం వింటూ పెరిగిన పిల్ల, గోడ అవతలికి కాపరానికి వెళ్తే, కొట్టడం కూడా కాపరంలో ఒక భాగమే అనుకుంటుంది. ఆ రోజుల్లో అడిగి ఉంటే ఆ 84లో మా అమ్మ ఉండేది. చిన్నప్పుడు అడిగితే నేనూ ఉండేదాన్నేమో.

కొట్టడం ఒక్కటే హింస కాదని కూడా చెప్పాలి. గృహహింస చట్టం నాలుగు రకాలు చెప్పింది. ఒంటి మీద చేసేది, లైంగికంగా చేసేది, మాటతో మనసు మీద చేసేది, డబ్బుతో చేసేది. మొదటిది అందరికీ తెలుసు. చివరిది చాలామందికి హింసలాగే కనిపించదు. డ్వాక్రా సంఘంలో అప్పు ఆమె పేరు మీద వస్తుంది, డబ్బు ఆయన తీసుకుంటాడు, వాయిదా కట్టలేక సంఘం మీటింగులో తల దించుకునేది ఆమె. ఉద్యోగం చేస్తుంది, జీతం పడ్డ మెసేజ్ మాత్రం ఆయన ఫోనుకు వస్తుంది, ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది, బస్సు చార్జీకి పొద్దున్నే చెయ్యి చాపాలి. పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు ఎప్పుడు తాకట్టుకు వెళ్ళాయో ఆమెకే తెలియదు. ఆ నగలు స్త్రీధనం, ఆమె సొంతం, భర్త దగ్గర ఉన్నా ఆమెవేనని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇంట్లో ఆ తీర్పు ఎవరూ చదవరు.

అమెరికా సంబంధాల సంగతి కూడా ఒక మాట. భర్త ఉద్యోగం వీసా మీద వెళ్ళిన అమ్మాయి ఆ దేశంలో ఉండాలన్నా, పోవాలన్నా అంతా ఆయన వీసా మీదే ఆధారం. పాస్‌పోర్టు ఆయన బీరువాలో. కారు నడపడం రాదు, బయట మంచు. పిన్నిగారింటికి నడిచి వెళ్ళడానికి అక్కడ మన వీధి లేదు. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం మానవి అనే సంస్థ 1985లోనే పుట్టిందంటే, ఈ బాధ మన సూట్‌కేసుల్లో ఎప్పుడు విమానమెక్కిందో ఊహించుకోండి.

ఇక తాగుడు సంగతి. "మంచివాడేనమ్మా, ఆ పాడు మందే ఇలా చేయిస్తోంది" అనని ఇల్లు లేదు. ఇందులో నిజం లేకపోలేదు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళకి ఇది బాగా తెలుసు. 1990ల మొదట్లో అక్కడ సాక్షరతా ఉద్యమంలో రాత్రిబడులు పెట్టారు. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దుకుంటూ, పాఠంలో వచ్చిన సీతమ్మ కథ చదివారు. తాగుడు పాలైన ఇంటి కథ అది. చదివి ఊరుకోలేదు. ఇది మా ఇంటి కథే కదా అని ఒకామె, మా ఇంట్లోనూ ఇంతే అని ఇంకొకామె. సారా కొట్టు మూయించేదాకా పోయారు. దూబగుంట రోసమ్మ పేరు దేశానికి తెలిసింది. 1992లో జిల్లా అంతా సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం. అది 1997లో సడలిపోయిన కథ మీకు తెలుసు.

ఆ ఉద్యమాన్ని అందరూ మద్యం మీద పోరాటమనే రాస్తారు. నాకు అందులో పెద్ద విషయం వేరేది కనిపిస్తుంది. ఆ రాత్రిబడిలో ఆడవాళ్ళు ఒకరి ముందు ఒకరు తమ ఇంటి గుట్టు విప్పారు. తోడికోడలు నవ్వలేదు. మా ఇంట్లోనూ అంతే అంది. సారా కొట్టు తర్వాత సంగతి, ముందు జరిగింది అది.

తాగుడే కారణం అనే మాట దగ్గర మాత్రం నేను ఆగుతాను. ఎంత తాగినా, దారిలో ఎస్సై ఎదురైతే దండం పెడతాడు. పొద్దున మేస్త్రీ తిడితే తల ఊపుతాడు. ఇంటికొచ్చి తలుపు గడియ వేశాకే చెయ్యి లేస్తుంది. అంటే ఎవరిని కొట్టవచ్చో, ఎవరిని కొట్టకూడదో తెలిసేంత తెలివి ఆ నిషాలోనూ ఉంది. ఇందాక చెప్పిన సర్వేలోనే, తరచూ తాగే భర్తలున్న స్త్రీలలో నూటికి డెబ్బైమంది హింస చవిచూశారు, అది నిజం. చుక్క ముట్టని భర్తలున్న స్త్రీలలోనూ 23 మంది చవిచూశారు. ఆ 23 మందికి "మందే చేయిస్తోంది" అనే ఓదార్పు కూడా లేదు. పక్కవాటా మామయ్యగారు మందు ముట్టేవారు కాదు. శనివారం ఒంటిపూట ఉండేవారు, వీధిలో అందరికీ ఆయనంటే గౌరవం.

"మరి అంత బాధ అయితే వదిలేసి రావచ్చుగా?" ఇది నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న. చదువుకున్నవాళ్ళే ఎక్కువ అడుగుతారు. ఎక్కడికి రావాలి? పుట్టింట్లో చెల్లెలి పెళ్ళి కాలేదు, అక్క మొగుణ్ణి వదిలేసి వచ్చిందంటే సంబంధం తప్పిపోతుంది. కొడుకు పదో తరగతి, మార్చిలో పరీక్షలు. బ్యాంకులో సొంత డబ్బు లేదు. ఇవి పైకి కనిపించే కారణాలు. కనిపించనిది ఇంకోటుంది. కొట్టిన మర్నాడు మల్లెపూలు వస్తాయి. మూడో రోజు సినిమా. "నీకు తెలుసుగా నా కోపం, ఇంకెప్పుడూ చెయ్యను, ఒట్టు." అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెనోర్ వాకర్ 1979లో ఇదంతా ఒక చక్రమని రాసింది. ముందు ఇంట్లో గాలి బిగుసుకుంటుంది, తర్వాత దెబ్బలు, ఆ తర్వాత బుజ్జగింపు, మళ్ళీ మొదటికి. అన్ని ఇళ్ళలోనూ ఆ వరసలోనే జరగదు, కొన్ని ఇళ్ళకి మల్లెపూలు ఏనాడూ రావు. వచ్చిన ఇళ్ళలో మాత్రం ఆ రెండు రోజుల మనిషి కోసమే ఆమె ఏళ్ళు ఎదురుచూస్తుంది. ఆ రెండు రోజుల మనిషే అసలు మనిషని నమ్ముతుంది.

భయం మరొకటి. ఆమె వెళ్ళిపోతానన్న రోజు, వెళ్ళిపోయిన తర్వాతి కొద్ది వారాలు ఎక్కువ ప్రమాదం. గుప్పిట జారిపోతోందనుకున్నప్పుడే గుప్పిట ఎక్కువ బిగుస్తుంది. అందుకే "ఇవాళే వచ్చెయ్" అని ఆవేశంగా చెప్పే ముందు ఎలా రావాలి, ఎవరు తోడొస్తారు, రాత్రి ఎక్కడ ఉంటుంది అన్నది ఆలోచించాలి. ఇంకో సంగతి మరిచిపోకండి. గొంతు పిసికాడని ఎవరైనా చెబితే, గుర్తులు కనబడకపోయినా, దాన్ని "చెయ్యి చేసుకున్నాడు" ఖాతాలో వెయ్యకండి. ఒకసారి గొంతు నులిమిన చోట తర్వాత ప్రాణాలు పోయే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లోపలి వాపు గంటలు గడిచాక బయటపడొచ్చు.

ఆసుపత్రి అంటే గుర్తొచ్చింది. ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఏ సోమవారమైనా చూడండి. తలనొప్పి, నడుంనొప్పి, నిద్రపట్టదు, గుండెదడ. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. బలం మాత్రలు రాసి పంపుతారు. నెలకి మళ్ళీ వస్తుంది. భర్త చేతిలో హింస పడుతున్న స్త్రీలకి మనోవ్యాకులత వచ్చే అవకాశం మిగతావారికంటే దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. తక్కువ బరువుతో పిల్లలు పుట్టడమూ ఎక్కువే. "మెట్ల మీంచి పడ్డాను డాక్టరుగారూ" అని ఒకే మనిషి ఏడాదిలో మూడోసారి చెబితే, ఆ ఇంటి మెట్ల గురించి ఒక్క ప్రశ్న అడిగే డాక్టరు కావాలి. పక్కన నిలబడ్డ భర్తను బయట కూర్చోమని, అప్పుడు అడగాలి.

పిల్లల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పక్కవాటా అబ్బాయి నా క్లాసే. సాయంత్రం కాగానే పుస్తకాలు తెచ్చుకుని మా రేడియో కింద కూర్చునేవాడు. వీధి చివర సైకిలు బెల్లు మోగితే చాలు, పెన్సిలు ఆగిపోయేది. మేము వంద సైకిళ్ళలో ఏది ఎవరిదో చెప్పలేం, వాడు చెప్పగలడు. బెల్లు ఒకసారి మోగితే ఫర్వాలేదట, వరసగా మోగితే ఆ రోజు బాగాలేదట. ఎనిమిదేళ్ళ పిల్లవాడు నేర్చుకున్న విద్య అది. వాడి చెల్లెలు వేరే విద్య నేర్చింది. గొంతులు పెరగగానే చంటివాణ్ణి చంకనేసుకుని పెరట్లో జామచెట్టు కిందికి వెళ్ళిపోయేది. దానికి ఆరేళ్ళు.

"పిల్లలకి ఏం తెలుస్తుందిలెండి, నిద్రపోతున్నారు" అనుకుంటాం. నిద్రపోరు. దుప్పటి కింద కళ్ళు మూసుకుని ఉంటారు. అప్పటిదాకా బాగానే ఉన్న పిల్ల మళ్ళీ పక్క తడపడం మొదలుపెడుతుంది. లెక్కలు వచ్చిన పిల్లవాడికి లెక్కలు రావు. బడిలో ఒకడు మూల కూర్చుంటాడు, ఒకడు అందరినీ కొడతాడు. మొదటివాణ్ణి "చాలా బుద్ధిమంతుడు" అంటాం, రెండోవాణ్ణి బెంచీ ఎక్కిస్తాం. ఇద్దరూ వచ్చింది ఒకే రకం ఇంట్లోంచి. 1998లో అమెరికాలో కొందరు వైద్యులు పెద్దవాళ్ళ జబ్బులకీ వాళ్ళ బాల్యానికీ సంబంధం వెతికారు. బాల్యంలో పడ్డ గాయాల జాబితా ఒకటి వేసుకున్నారు. తనని కొట్టడంతో పాటు, తన కళ్ళముందు తల్లిని కొట్టడాన్ని కూడా అందులో చేర్చారు. జాబితాలో ఎన్ని ఎక్కువ ఉంటే పెద్దయ్యాక గుండెజబ్బు, మత్తు అలవాటు, ఆత్మహత్యాప్రయత్నం అంత ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక మాట. "తండ్రి అలా ఉంటే కొడుకూ అలాగే అవుతాడు" అని పెళ్ళిచూపుల్లో అనేవాళ్ళున్నారు. ఆ మాట ఆ పిల్లల మీద ఇంకో దెబ్బ. అలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళలో చాలామంది భార్య మీద గొంతు కూడా పెంచరు. నా సహాధ్యాయి ఈనాటికీ ఇంట్లో తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతాడు. తన కూతురి పుట్టినరోజుకి బెలూన్లు వద్దంటాడు, పగిలితే చప్పుడని. మిగిలింది అంతే. అది తక్కువా ఎక్కువా అన్నది నేను చెప్పలేను.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వచ్చాను. హింస పాలైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ అడగలేదు అంటుంది ఆ సర్వే. సాయం కోరినవారు నూటికి 14 మందే. అలా ఏళ్ళ తరబడి దాచుకుని దాచుకుని ఒకరోజు ఒకామె ఎవరితోనో ఒకరితో నోరు విప్పుతుంది. అమ్మతో, అక్కతో, ఆశా కార్యకర్తతో, టైలరు దగ్గర పక్కన కూర్చున్న మనిషితో. ఆ మొదటి మనిషి ఏమన్నారన్నదాన్ని బట్టే తర్వాతదంతా నడుస్తుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళని నేను ఒక ప్రశ్న అడుగుతాను: "మొదట ఎవరికి చెప్పావమ్మా, వాళ్ళేమన్నారు?" నూటికి తొంభైసార్లు జవాబు ఒకటే. "సర్దుకుపొమ్మన్నారు." ఆ మాట విన్నాక ఈ ఆడవాళ్ళు మళ్ళీ నోరు విప్పడానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది. ఒక్కో ఇంట్లో ఆ ఐదేళ్ళు దొరకవు.

"నువ్వేమన్నావ్?" అనేది ఇంకో జవాబు. వింటే మామూలు ప్రశ్నే. ఆమె చెవికి మాత్రం నువ్వే ఏదో అని ఉంటావని వినిపిస్తుంది. చెప్పినామెతో అనాల్సిన మాటలు పెద్దవి కావు. "చెప్పి మంచిపని చేశావు. తప్పు నీది కాదు. ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" ఈ మూడూ చాలు. నాలుగోది సలహా. దాన్ని కాసేపు దాచుకోండి.

పెద్దమనుషుల పంచాయితీ గురించి కూడా. రెండు వైపుల పెద్దలు కూర్చుంటారు, కాఫీలు వస్తాయి, "ఇక మీదట ఇలాంటివి జరగకుండా చూసుకుంటాను" అని ఆయన తెల్లకాగితం మీద రాసిస్తాడు, "నువ్వూ కాస్త నోరు తగ్గించుకోమ్మా" అని ఆమెకి చెబుతారు. స్టేషన్‌లో కౌన్సెలింగ్ అన్న పేరుతో జరిగేదీ చాలాసార్లు ఇదే. ఆ కాగితాలు నా ఫైళ్ళలో ఎన్ని ఉన్నాయో! ఒకామె ఐదు తెచ్చింది, తేదీల వారీగా గుండుసూదితో గుచ్చి. ఆ కాగితానికి విలువ లేదు. మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వుకు విలువ ఉంది. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా పడొచ్చు.

ఆ ఉత్తర్వు ఎక్కడిదంటే, గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం, 2005 నుంచి. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దీనికీ 498-ఏ కీ తేడా తెలియక చాలామంది వెనకాడతారు. 1983లో వచ్చిన 498-ఏ క్రిమినల్ కేసు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. అది భర్తను శిక్షించడానికి. 2005 చట్టం ఆమెను కాపాడటానికి. "ఆయన్ని జైలుకు పంపాలని లేదండీ, కొట్టకుండా ఉంటే చాలు, పిల్లలతో ఆ ఇంట్లో ఉండనిస్తే చాలు" అనే ఆమెకి సరిపోయేది ఇదే. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా కాపరం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అత్తమామల పేరున ఉన్న ఇంటికీ ఇది వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నెల ఖర్చు, వైద్యం ఖర్చు, పిల్లల తాత్కాలిక కస్టడీ అన్నీ ఇందులోనే అడగొచ్చు. భార్యకే కాదు, కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లికి, అన్న గెంటేసిన చెల్లెలికి, పెళ్ళి లేకుండా భార్యాభర్తల్లా కలిసి ఉన్నామెకి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. మొదటి వాయిదా మూడు రోజుల్లోపు, తీర్పు అరవై రోజుల్లోపు ఇవ్వడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. కోర్టులో అరవై రోజులంటే ఎన్ని నెలలో నేను మీకు చెప్పనక్కర్లేదు. అందుకే మధ్యంతర ఉత్తర్వు అడగడం మరిచిపోకూడదు.

చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారు కదా అంటారు. చేసేవాళ్ళుంటారు. ప్రామిసరీ నోటు చట్టాన్నీ చేస్తున్నారు, అలాగని అప్పులివ్వడం మానలేదు. 498-ఏ లో కేసు పెట్టగానే కళ్ళు మూసుకుని అరెస్టు చెయ్యకూడదని 2014లోనే సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. ఇళ్ళలో మగవాళ్ళూ బాధపడతారు, ముఖ్యంగా వయసుడిగిన తండ్రులు. వాళ్ళ కోసం 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం ఉంది, దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు.

ఈ ప్రసంగం వింటున్న ఇంట్లో ఆయన కూడా పక్కనే కూర్చుని ఉండొచ్చు. అందుకే కాగితం మీద ఏమీ రాసుకోవద్దు. 181 అని మూడంకెలు గుర్తుంటే చాలు. పగలైనా రాత్రైనా అది మహిళల సహాయ నంబరు. ప్రాణం మీదికి వస్తే 112. జిల్లా కేంద్రాల్లో సఖి కేంద్రాలున్నాయి. అక్కడ వైద్యం, పోలీసు సాయం, లాయరు, కొద్దిరోజులు తలదాచుకునే చోటు ఒకే గుమ్మంలో దొరుకుతాయి. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, ఒక పెళ్ళి ఫోటో, వీటి జెరాక్సులు నమ్మకమైన మనిషి దగ్గర ఒక కవరులో ఉంచండి. రాత్రిపూట పిల్లల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేటప్పుడు బీరువా తాళం వెతికే టైము ఉండదు.

ఇక పక్కింటివాళ్ళం మనం. చాలామందికి తెలియని సంగతొకటి చెబుతాను. ఫిర్యాదు ఆమే చెయ్యాలని లేదు. 2005 గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఒక ఇంట్లో హింస జరుగుతోందని నమ్మకం కలిగిన ఎవరైనా ఆ చట్టం కింద ఉండే రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఎవరూ కేసు వెయ్యలేరు. "మనకెందుకొచ్చిన గొడవ" అన్నదానికి చట్టం ఇచ్చిన జవాబు అది.

అంతదూరం వెళ్ళలేకపోతే ఇంకో దారి ఉంది. 2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ బెల్ బజావో అని ఒక ప్రచారం చేసింది. టీవీలో చూసే ఉంటారు. పక్కింట్లో దెబ్బల చప్పుడు వినిపించగానే ఒకతను వెళ్ళి బెల్లు కొట్టి, కాసిని పాలు కావాలంటాడు. అంతే, ఇంకేమీ అనడు. అది చూసినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎందుకంటే మా అమ్మ ఆ పని అంతకు ముప్పై ఏళ్ళ కిందటే ఒకసారి చేసింది.

ఆ రోజు సైకిలు బెల్లు చాలాసేపు మోగింది. అబ్బాయి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. గోడ అవతల ఏదో పెద్దది పడింది. అమ్మ వచ్చింది, చెయ్యి కొంగుకు తుడుచుకుంది, రేడియో దాకా వెళ్ళింది. పెంచలేదు, ఆపేసింది. గూట్లోంచి చిన్న స్టీలు గిన్నె తీసుకుని వెళ్ళి పక్కవాటా తలుపు కొట్టింది. చాలాసేపు కొట్టింది. మామయ్యగారు తలుపు తీశారు. "అన్నయ్యగారూ, కాస్త తోడుంటుందా? పాలు తోడేసుకోవాలి" అంది. ఆయన నోట మాట రాలేదు. అత్తయ్యగారు లోపల్నించి వచ్చి, వణుకుతున్న చేత్తోనే, ఆ గిన్నెలో రెండు చెంచాల పెరుగు వేశారు. అమ్మ గుమ్మంలోనే నిలబడి, పాలు ఏ వేడిలో ఉన్నప్పుడు తోడెయ్యాలో అరగంట మాట్లాడింది. ముప్పైయేళ్ళ నుంచి పాలు తోడేస్తున్న మనిషి. ఆ రాత్రి గోడ అవతల మళ్ళీ చప్పుడు రాలేదు.

ఒక్క రాత్రి. తర్వాత ఎన్ని రాత్రులు అమ్మ మళ్ళీ రేడియో గొంతు పెంచిందో కూడా నాకు గుర్తుంది. ఆ రోజుల్లో 2005 చట్టం లేదు, 181 లేదు, సఖి లేదు. అమ్మ దగ్గర ఉన్నది ఒక స్టీలు గిన్నె. ఇప్పుడు అవన్నీ ఉన్నాయి.

నంబరు ఇంకోసారి చెబుతున్నాను: ఒకటి, ఎనిమిది, ఒకటి. మీకోసం కాకపోతే గోడ అవతలివారి కోసం గుర్తుంచుకోండి.